ఎఫ్ కార్డు దిగ్విజయము

కావ్యం మొదలుపెట్టేముందు ఇష్టదేవతను తలవడం మన మర్యాద. కచ్ఛపీ వీణను ఒడిలో నిలిపిన చదువులతల్లికి ముందుగా ఒక దండం. తల్లీ, నీ వీణకు 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళపు తీగలు మూడు. మా కథానాయకుడి గిటారుకు 20 మెట్లు, ఆరు తీగలు. ఆ ఆరింటిలో ఎప్పుడూ ఏదో ఒకటి శ్రుతి తప్పే ఉంటుంది. అపరాధ సహస్రంలో దాన్నీ కలిపేసుకుని కాపాడు. దేవతాస్తుతి తర్వాత కుకవినింద. "ఈ వయసులో గిటారేమిటండీ, అదీ ఫోను ఎదురుగా పెట్టుకుని లోకానికి చూపించడమేమిటి" అని నవ్వే పండితమ్మన్యులారా, మీరెక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోవుగాక! అవతారిక సమాప్తం.

ఇక పురవర్ణన. భాగ్యనగరానికి వాయవ్య దిక్కున, మెట్రో ఎర్రలైను అలసి ఆగిపోయే చోట మియాపూరు అనే మహాపట్టణం కలదు. అందొక ఐదంతస్తుల అపార్టుమెంటు. నీళ్ల పైపుల కోసం తవ్వి మరిచిపోయిన గొయ్యి దానికి కందకం. సెల్లారులో పడుకున్న నల్లకుక్క కోటకాపరి. టెర్రసు మీది డిష్ గొడుగులు శ్వేతచ్ఛత్రాలు. మూడో అంతస్తులో తూర్పుముఖంగా రెండు పడకగదుల రాజప్రాసాదం. ఈఎంఐలు ఇంకా తీరలేదు కనుక దానికి చక్రవర్తి బ్యాంకువారు, మనవాడు కప్పం కట్టే సామంతుడు.

నాయకులు నాలుగు విధాలని అలంకారశాస్త్రం చెబుతుంది. మనవాడు పగలంతా ఆఫీసులో ధీరశాంతుడు. రాత్రి భోజనాలయ్యాక మంచం కిందినుంచి నల్లసంచీ లాగినప్పుడు ధీరలలితుడు. కింది ఫ్లాటాయన కాలింగ్ బెల్లు కొడితే మళ్లీ ధీరశాంతుడు. ఆపాదమస్తకం వర్ణించేంత అందగాడు కాడు గాని చేతివేళ్ల వరకు వర్ణించి తీరాలి. ఎడమచేతి గోళ్లు చివరంటా కత్తిరించి ఉంటాయి, కుడిచేతి గోళ్లు పెరిగి ఉంటాయి. ఈ వింత చూసి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఏదో మొక్కు అనుకుంటారు. ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలూ కాయలు కాచి ఉంటాయి. గాండీవి భుజాన నారి ఒరిపిడి ఎంతటి బిరుదో, ఇతనికి ఆ కాయలు అంతటి బిరుదు. నష్టం ఒక్కటే, ఆ వేళ్లతో ముట్టుకుంటే ఫోను తాళం ఒక్కోసారి తెరుచుకోదు.

ఆయుధవర్ణన వినండి. ఇతని గిటారు ఆకారం పేరు డ్రెడ్‌నాట్. హాస్యానికి పెట్టిన పేరు కాదు. 1906లో బ్రిటిషు నౌకాదళం ఆ పేరుతో ఒక భారీ యుద్ధనౌకను నీళ్లలోకి దింపింది. పదేళ్లకు, 1916లో, అమెరికాలోని మార్టిన్ కంపెనీ మామూలుకన్నా పెద్దపొట్ట గిటారు చేసి దానికి ఆ నౌక పేరే పెట్టింది. అంటే మనవాడు ఒడిలో పెట్టుకున్నది సాక్షాత్తు యుద్ధనౌక వంశాంకురం. బిగించిన ఆరు ఉక్కుతీగలూ కలిసి ఆ చెక్కను లాగే బలం సుమారు 70 కిలోలు. ఒక మనిషి మెడకు వేలాడితే ఎంతో అంత. లావుతీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, సన్నతీగ 330 సార్లు. రెంటికీ పేరు ఇ అనే. ముత్తాత పేరు మునిమనవడికి పెట్టుకున్నారు. ఆ మునిమనవడే అందరికన్నా చంచలుడు. శ్రుతి చేస్తుండగా 'ఠంగు'మని తెగి, నాయకుడి చెంప గీరి వీరస్వర్గం చేరుకుంటాడు.

ఇక విద్యాభ్యాసం. ఏకలవ్యుడికి మట్టిబొమ్మ గురువు. ఇతనికి ఫోనులోని గురువులు, దేశానికొకరు. ఏకలవ్యుడి గురువు నోరు విప్పలేదు. ఇతని గురువులు ఆపమంటే ఆగుతారు, వెనక్కి తిప్పితే చెప్పిందే విసుక్కోకుండా చెబుతారు, వేగం సగానికి తగ్గిస్తే మత్తెక్కిన గొంతుతో సాగదీసి చెబుతారు. వాళ్లిచ్చిన తాళపత్రాల పేరు ట్యాబ్. ఆరు గీతలు, వాటిమీద అంకెలు, ఏ తీగను ఏ మెట్టులో నొక్కాలో అంతే. స్వరలిపి రానివాడికి అదే వేదం. యూరపులో ల్యూట్ వాయించినవాళ్లు 16వ శతాబ్దంలోనే ఇలాంటి గీతల మీద రాసుకున్నారు. 1992లో అమెరికాలో కంప్యూటర్ల మీద ఒక ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్ పుట్టింది. ముక్కూమొహం తెలియనివాళ్లు, చెవితో విని పట్టుకున్న పాటల లెక్కల్ని అక్కడ దాచి ఒకరికొకరు పంచుకున్నారు. హక్కుల సంఘాల హెచ్చరికతో 2006లో అది మూతపడింది, పంచుకునే అలవాటు మాత్రం మూతపడలేదు. గురుదక్షిణ మాటకొస్తే ద్వాపరానికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు. ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ఈ గురువులు అడిగేదీ బొటనవేలే. కోసివ్వక్కర్లేదు, వీడియో కింద నొక్కితే చాలు.

ప్రతినాయకుడు ప్రవేశించే సమయమైంది. సి, జి, డి, ఎ మైనర్ అనే కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒక్కసారిగా మోగే పట్లు, ఆ రాజ్యాలన్నీ మనవాడు ఏడాది తిరక్కుండా జయించాడు. ఐతే సి స్థాయిలో పాడే పాటలకు నాలుగో స్వరం మీద నిలిచే కార్డు ఎఫ్. ఏ పాట ఎత్తుకున్నా దారి ఆ కోటవాకిలి ముందునుంచే. మనవాడు ఎత్తుకున్నది 1989 నాటి 'ప్రేమ' సినిమాకు ఇళయరాజా కట్టిన 'ప్రియతమా' పాట. ఈడువచ్చిన నాటినుంచి గుండెలో మోస్తున్న పాట. అది తన చేతుల్లోంచి రావాలి, వచ్చింది నలుగురూ వినాలి. ఇదే ప్రతిజ్ఞ.

యుద్ధం మొదలైంది. తర్జని మొదటి మెట్టు మీద ఆరు తీగలకూ అడ్డంగా వాలింది. మధ్యమ మూడో తీగను రెండో మెట్టులో పట్టింది. అనామిక ఐదో తీగను, కనిష్ఠిక నాలుగో తీగను మూడో మెట్టులో ముట్టడించాయి. బొటనవేలు మెడ వెనక కోటగోడై నిలిచింది. మణికట్టు వణికింది, మోచేయి మూలిగింది, నాలుక దానంతటదే నోటిమూలనుంచి బయటికొచ్చింది. కుడిచేయి జయధ్వానం కోసం మీటింది. వినబడినది 'టప్'.

పద్మవ్యూహంలో అభిమన్యుడికి బయటికొచ్చే దారి తెలియలేదు. ఇతనికి లోపలికెళ్లే దారే తెలియలేదు. కారణాలు తర్వాత గురుముఖతః తెలిశాయి. మొదటి మెట్టు, తీగలు ఒరిగి నిలిచే ఎముకముక్కను ఆనుకునే ఉంటుంది, అక్కడ తీగ వంగనని మొండికేస్తుంది. ఇదే పట్టు ఐదో మెట్టు దగ్గర పడితే సగం శ్రమ. పైగా తర్జని కణుపుల దగ్గర గుంటలుంటాయి, తీగలు పోయి వాటిలో నక్కుతాయి. అసలు రహస్యం ఇంకొకటి. తర్జని ఆరు తీగలనూ నొక్కుతున్నట్టు కనిపిస్తుంది గాని, అది నిజంగా మోగించాల్సినవి మూడే, లావుతీగ, చివరి రెండు సన్నతీగలు. మిగతా మూడింటి భారం తక్కిన వేళ్లది. ఈ సంగతి తెలియక మనవాడు ఆరుగురితోనూ సమానంగా పోరాడి ఆర్నెల్లు అరచేయి నొప్పితో తిరిగాడు.

అప్పుడు మాయోపాయం. కాపో అనే స్ప్రింగు పట్టుకర్ర తెప్పించాడు. దాన్ని మొదటి మెట్టు మీద బిగించి తేలికైన ఇ కార్డు ఆకారం పట్టుకుంటే మోగేది ఎఫ్ మేజరే. శిఖండిని ముందు నిలబెట్టి బాణం వేయడం లాంటిదే, ధర్మం కాదంటారు గాని గెలుపు గెలుపే. ఐనా పాట మధ్యలో కాపో పెట్టి తీయడం కుదరక, చివరికి తర్జనిని కొంచెం పక్కకు ఒరిగించి, ఎముకవైపు ఆన్చి, మోచేతిని నడుముకు దగ్గరగా లాక్కునే విద్య నేర్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరు తీగలూ మోగాయి. దేవతలు పుష్పవృష్టి కురిపించారు. చూస్తే బాల్కనీ కుండీలోంచి గాలికి ఎగిరొచ్చిన కాగితంపూలు.

ఇంతలో పాతాళఘట్టం. పాత ఏటీఎం కార్డును త్రికోణంగా కోసి చేసుకున్న, తీగలు మీటే పిక్ వేళ్లలోంచి జారి గిటారు పొట్టలో పడింది. ఊపితే గలగల, చూస్తే చీకటి. నాయకుడు యుద్ధనౌకను నెత్తిమీదికెత్తి బోర్లించి తాండవమాడాడు. ఈ విద్యకూ ఒక నియమం ఉంది. ముందు పిక్‌ను నెమ్మదిగా జార్చి రంధ్రం కిందికి తెచ్చుకుని, ఒక్కసారిగా తిప్పాలి. ఆ నియమం తెలియనివాడికి మొదట ఒక రూపాయి, తర్వాత ఎండిన బొద్దింక, ఆ తర్వాతే పిక్ దొరుకుతాయి. క్షీరసాగర మథనంలోనూ అమృతం చివరికే కదా వచ్చింది.

తర్వాత రికార్డింగు అనే మహాయాగం. నాలుగు నిఘంటువుల మీద ఫోను ప్రతిష్ఠ. సీలింగు ఫాను హోరు పాటను మింగేస్తుందని మే నెలలో దాన్ని ఆపేయడమే పంచాగ్నిమధ్య తపస్సు. విశ్వామిత్రుడి యాగానికి మారీచ సుబాహులిద్దరే అడ్డొచ్చారు. ఇక్కడ వాళ్లకు లెక్కలేదు. మొదట వంటింటి కుక్కరు మూడు కూతలు కూసింది. "ఏమండీ, మీ కచేరీ అయ్యాక ఆ పొయ్యి కట్టేయండి" అన్న ఆకాశవాణి కూడా పాటలో కలిసింది. తర్వాత వీధిలో ఆటో మైకు, పాత ఇనుపసామాన్లు కొంటామంటూ ఆ చివరినుంచి ఈ చివరికి. అన్నిటికన్నా పెద్ద రాక్షసుడు ఫోనులోని ఎర్రచుక్క. అది వెలగనంతసేపు వేళ్లు వశంలో ఉంటాయి, వెలగ్గానే అందాకా శరణన్న ఎఫ్ మళ్లీ తిరగబడుతుంది.

పూర్ణాహుతి అయ్యాక చూసుకుంటే మరో మాయ. వీడియోలో తీగలు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. గిటారుకు గాలి సోకిందేమో అనుకున్నాడు. గాలీ ధూళీ కాదు. ఫోను కెమెరా బొమ్మనంతా ఒక్కసారిగా పట్టదు, గీత తర్వాత గీతగా చదువుతుంది. ఈలోగా కంపించే తీగ జాగా మారుతుంది. మంచి వెలుతురులో ఆ వంకరలు ఇంకా స్పష్టం. అదీ చాలక, కూతురు తొంగిచూసి, "నాన్నా, సెల్ఫీ కెమెరా కదా, నువ్వు ఎడమచేత్తో వాయిస్తున్నట్టుంది" అంది. సవ్యసాచి అన్న బిరుదు అలా అప్పనంగా వచ్చింది.

వీడియో యూట్యూబులోకి ఎక్కింది. వెంటనే ఒక యంత్రదూత ప్రత్యక్షమై, ఈ పాట హక్కులు ఫలానావారివి, దీనిమీద వచ్చే ఆదాయం వారికే చెందుతుందని తాఖీదిచ్చాడు. నాయకుడు చిరునవ్వుతో సున్నా రూపాయలను పూర్తిగా వారికే ధారపోశాడు. కర్ణుడు కూడా కవచం ఇస్తూ ఒక్క క్షణం ఆలోచించి ఉంటాడు. చూసినవారి సంఖ్య పదకొండు దగ్గర నిలిచిపోయింది. అందులో సగం అతనే. మనసు కుంగింది.

అరణ్యవాసంలో ధర్మరాజుకు మార్కండేయుడు రామకథ చెప్పి ఊరడించినట్టు, ఇక్కడొక పూర్వకథ చెప్పుకోవాలి. 2005 డిసెంబరులో యూట్యూబులో 'గిటార్' అన్న ఒక్కమాట పేరుతో ఒక వీడియో వచ్చింది. కిటికీ వెలుతురుకు ఎదురుగా మంచం మీద కూర్చున్న కుర్రాడు. టోపీ నీడలో మొహం కనబడదు, వేళ్లు మాత్రం మెరుపులు. వాయించింది 17వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ రాసిన 'కానన్'ను తైవానుకు చెందిన జెర్రీసీ రాక్ బాణీలో మలిచిన రూపం. ఆ వీడియోను అక్కడ పెట్టింది కూడా అతను కాదు, ఇంకెవరో. లోకమంతా చూసింది, ఎవరో తెలియలేదు. 2006 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆరాతీసి తేల్చింది, అతను దక్షిణ కొరియాకు చెందిన లిమ్ జంగ్-హ్యున్, వయసు 23, గిటారు సొంతంగా నేర్చుకున్నవాడు. అంత కీర్తి వచ్చినా తాను అంత గొప్పగా వాయించనని, ఇంకా మెరుగుపడాలని అన్నాడు. స్వయంకృషి వీరులందరికీ ఆదిపురుషుడు మొహం దాచుకున్నవాడే. మనవాడు పదకొండుమందికి మొహం చూపించాడు, ధైర్యంలో ఒక మెట్టు పైనే.

కథ ఇక్కడ మలుపు తిరిగింది. నూజివీడులో ఎక్కడో హాస్టల్లో ఉన్న కుర్రాడొకడు కబురు పెట్టాడు. "అంకుల్, ఎఫ్ దగ్గర మీ రెండో తీగ నాదానిలాగే మోగలేదు. కానీ పాట ఆపలేదు మీరు. నేను అక్కడే ఆపేసి గిటారు పక్కన పెట్టేశాను. ఎలా పట్టుకోవాలో చెప్తారా?" అంకుల్ అన్నమాట బాణంలా గుచ్చుకుంది గాని, తక్కినది అమృతం. మనవాడు ఆ రాత్రే తర్జని ఒరిగించడం, మోచేయి దగ్గరికి లాగడం, ఆరింటిలో మూడే నొక్కడం ఇవన్నీ వివరంగా రాసి పంపాడు. నిన్నటి ఏకలవ్యుడు ఇవాళ ద్రోణుడయ్యాడు. కుర్రాడు దక్షిణ కింద బొటనవేలు నొక్కాడు. కొండ శిఖరాన కూర్చున్న మహావిద్వాంసుడు ఈ పని చేయలేడు. తర్జని కణుపులో తీగ నక్కడం అతనికి ఎప్పుడో మరుపున పడింది, మనవాడికి నిన్నటి సంగతి. నేర్చుకుంటున్నవాడు తన తప్పుల్తో సహా పంచుకోవడంలో ఉన్న లాభం ఇదే.

ఫలశ్రుతి. ఈ కథను భక్తితో చదివినవారి కాపో పోదు, విన్నవారి సన్నతీగ తెగదు, పక్కింటివారు విని ఊరుకుంటే వారి ఇంట్లోనూ ఒక సంగీతజ్ఞుడు పుడతాడు. చదివిన మీకొక మనవి. కాలేజీ రోజుల్లో కొన్న గిటారు మీ అటక మీద ఉంటే దించండి. తుప్పుపట్టిన తీగలు మార్చండి. మూడు కార్డులు వచ్చినా చాలు, ఒక పాట వాయించి పెట్టండి. ఎఫ్ మోగకపోయినా ఫరవాలేదు, పాట మాత్రం మధ్యలో ఆపకండి.