ఎంటర్ మీటపై ఒక గృహస్థుడి అభియోగపత్రం

రాయచూరు జిల్లాలో ఫిర్యాదులకు ఏనాడూ కరువు లేదు. ఎండల మీద అందరికీ ఒకటుంది. కాలువ చివర పొలమున్నవాడికి నీళ్ల మీద ఒకటుంది. వడ్లు అమ్మేవాడికి ధర మీద, కొనేవాడికి తేమ మీద తలా ఒకటుంది. నా ఫిర్యాదు మాత్రం కీబోర్డుకు కుడివైపు, చిటికెన వేలికి అందేచోట తిష్ఠ వేసుకున్న ఎంటర్ అనే మీట మీద. ఇదీ ఒక ఫిర్యాదేనా అని నవ్వేవాళ్లు నవ్వండి. ఇంట్లోవాళ్లు ఇప్పటికే నవ్వేశారు కనుక కొత్తగా పోయే పరువేమీ లేదు.

నేరం మొదట బయటపడింది చందాల జాబితాలో. మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువకు నీళ్లొచ్చాక, కోస్తా జిల్లాల నుంచి వచ్చి పొలాలు చేసుకున్నవాళ్లం. క్యాంపుకు రాముడి గుడి ఉంది, గుడికి నవమి ఉంది, నవమికి చందాలున్నాయి, చందాల లెక్క రాసే పని నా నెత్తిన ఉంది. దాతల పేర్లు ఒకదాని కింద ఒకటి కొట్టి, పేరు పేరుకీ ఎంటర్ నొక్కి, అందరికీ మెయిల్ పంపాను. నా తెర మీద పేర్లు ఒద్దికగానే ఉన్నాయి. చేరేసరికి ప్రతి పేరు కిందా ఒక ఖాళీ వరుస వెలిసింది. మర్నాడు గుడి దగ్గర ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మధ్యమధ్యలో ఎవరి పేర్లు తీసేశారండీ?" అని అడిగాడు. ఎవరివీ తీయలేదు, అవి వట్టి ఖాళీలన్నాను. "అదేనండీ, ఎందుకు ఖాళీ చేశారూ అని!" అన్నాడు.

రెండో నేరం ఇంతకన్నా ఘోరం. మా అబ్బాయికి ఒక సంబంధం వచ్చింది. మధ్యలో ఎవరో పుల్ల పెట్టారు. సర్దిచెబుదామని ఫోన్ సందేశాలను కంప్యూటర్‌లో తెరిచి, పిల్ల తండ్రికి రాయడం మొదలుపెట్టాను. "బావగారూ, మీ అమ్మాయి మాకు నచ్చలేదని" అనేసరికి గడి నిండింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన చెయ్యి, వరుస చివరికి రాగానే మీట నొక్కుతుంది. నొక్కింది. ఆ ముక్క ఆ ముక్కగానే వెళ్లిపోయింది. "ఎవరో పుట్టించిన మాట నమ్మకండి" అన్న తరువాయి నేను కొట్టేలోపు అవతలివాళ్లు చదివేశారు, ఇంటిల్లిపాదినీ పిలిచి చదివి వినిపించారు కూడా. ఒక పెట్టెలో ఎంటర్ అంటే వరుస, ఇంకో పెట్టెలో పేరా, మరో పెట్టెలో పంపేయ్. ఒకే ముద్దాయికి ఇన్ని మారుపేర్లుంటే ఏ పోలీసు ఊరుకుంటాడు?

పూర్వచరిత్ర తీయించాను. ముద్దాయి పుట్టుకలోనే తిరకాసుంది. టైపు మిషన్ మీద వరుస ముగిసే ముందు గంట మోగేది. పిడి తోస్తే క్యారేజి మొదటికి పోయేది, కాగితం ఒక వరుస పైకి జరిగేది. ఒకే తోపు, రెండు పనులు, పైగా ముందస్తు హెచ్చరిక. టెలిప్రింటర్లు ఈ రెండు పనులనూ విడదీశాయి: మొదటికి పొమ్మనడానికి ఒక సంకేతం, కిందికి దిగమనడానికి ఇంకొకటి. అక్షరాలకూ సంకేతాలకూ నంబర్లిచ్చిన 1963 నాటి ఆస్కీ పట్టికలో వాటి నంబర్లు 13, 10. సెకనుకు 10 అక్షరాలు కొట్టే ఆ యంత్రాల్లో, అచ్చువేసే తల మొదటికి చేరడానికి ఒక అక్షరమంత వ్యవధి చాలేది కాదు. అందుకని ముందు 13 పంపి, అది పరుగెత్తుతుండగా 10తో కాగితం జరిపేవాళ్లు. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆస్తి పంచుకున్నాయి. యూనిక్స్ 10 పట్టుకుపోయింది. పాత మెకింటోష్ 13 చాలంది. విండోస్ రెండూ ఉంచుకుంది. మెయిల్ నియమావళి మాత్రం ఈనాటికీ వరుస చివర 13, దాని వెంట 10 ఉండి తీరాలంటుంది. పరుగెత్తే తలా లేదు, జరిగే కాగితమూ లేదు, మడి మాత్రం మిగిలింది.

అంతవరకైనా ఎంటర్ అంటే వరుస మారడమే. మెయిల్‌కు వెబ్ పేజీ వేషం కట్టాక వరుస, పేరా అని రెండు కులాలు పుట్టాయి. పేరా ఎక్కడికెళ్లినా కాస్త ఖాళీని వెంటేసుకుని వెళుతుంది. వరుసకు ఆ దర్జా లేదు. అవుట్‌లుక్‌లో ఎంటర్ నొక్కితే పేరా, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే వరుస. కంట్రోల్ పట్టుకుని నొక్కితే వర్డ్‌లో కొత్త పేజీ వస్తుంది, అవుట్‌లుక్‌లోనూ జీమెయిల్‌లోనూ ఉత్తరమే వెళ్లిపోతుంది. వర్డ్ 2007లో మామూలు పేరా కింద 10 పాయింట్ల ఖాళీ ఉండేది, 2013లో దాన్ని 8 చేశారు. ఆ రెండు పాయింట్లు ఏ పాపం చేశాయో, మిగతా ఎనిమిది ఏ పుణ్యం చేసుకున్నాయో ఎవరూ చెప్పరు. అక్కడ రాసింది తెచ్చి మెయిల్‌లో అతికిస్తే ఆ ఖాళీ కూడా మూటాముల్లెతో దిగుతుంది. నాట్లేసే కూలీలకు మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉండాలో నేను చెబుతాను, వాళ్లు అంతే వేస్తారు. నేను ఇల్లు చేరాక ఆ ఎడం దానంతటది రెట్టింపు కాదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుణ్ణి అడిగాను.

"షిఫ్ట్ పట్టుకుని నొక్కండి మావయ్యా. లేదంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకెళ్లి బిఫోర్, ఆఫ్టర్ రెండూ సున్నా చెయ్యండి."

"చేస్తే అవతలివాడి తెర మీద కూడా ఇలాగే కనిపిస్తుందా?"

"అది వాళ్ల ప్రోగ్రామ్ ఇష్టం మావయ్యా. స్వల్ప అడ్జస్ట్ మాడి."

ముగ్గురున్న ఆటోలోకి నాలుగోవాడు ఎక్కేటప్పుడు ఈ కర్ణాటకలో చదివే మంత్రమది, కొంచెం సర్దుకోండని. సర్దుకోవలసింది ఎప్పుడూ ముందు నుంచీ కూర్చున్నవాడే.

ఎవరూ సర్దుకోనక్కర్లేని రాత ఎలా ఉంటుందో తెలియాలంటే రాయచూరు కోట చూడండి. లోపలి పడమటి గోడలో 40 అడుగులు దాటిన ఒకే రాయి ఉంది. గోరె గన్నయ రెడ్డి హయాంలో, 1294లో, విఠలనాథుడు ఆ గోడ కట్టించాడని దాని మీద తెలుగులో చెక్కి ఉంది. అంత రాతిని బండి మీదికెత్తి పశువులచేత లాగించిన వైనం కూడా బొమ్మగా గీసిపెట్టారు. పంపడానికి మందంతా కావలసివచ్చిందేమో కానీ, పంపింది పంపినట్టు చేరింది. 700 ఏళ్లు దాటినా రెండు వరుసల మధ్య ఎడం వెంట్రుకవాసి పెరగలేదు. సెట్టింగులు మార్చుకోమని విఠలనాథుడికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నా కోరికలివి. ఒకటి: ఎంటర్ మీటకు ఒకే పని ఉండాలి, అదేమిటో నొక్కకముందే తెలియాలి. రెండు: పంపే పనిని చిటికెన వేలికి అందనంత దూరంలో కట్టిపడేయాలి. మూడు: ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రాసేవాడు నిర్ణయించాక, ఇంకొకడు మధ్యలో దూరి నిట్టూర్పులు చేర్చకూడదు. నాలుగోది నష్టపరిహారం, అంటే చెడిన సంబంధం తిరిగి కుదర్చాలి. అబ్బాయికి సమ్మతమే. పిల్ల తరఫువాళ్లూ మెత్తబడ్డారు. కాకపోతే ఈసారి మా మాటను స్టాంపు కాగితం మీద, చేత్తో, ఒకే వాక్యంలో రాసిమ్మంటున్నారు.