ఖాళీగానే ఉన్నావుగా!

సబాటికల్ పేరుతో ఆరు నెలల సెలవు తీసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మొదటి సోమవారం చేసే పని జాబితా రాసుకోవడం. తెల్లవారుజామున ఐదున్నరకు నడక, ఆరున్నరకు ప్రాణాయామం, ఆరు నెలల్లో పద్దెనిమిది పర్వాల భారతం, మధ్యలో గిటారు, ఆదివారం అటక సర్దుడు, వీలుంటే స్పానిష్ భాష. ఈ జాబితా మామూలు కాగితం మీద ఉండదు, ఎక్సెల్ షీటులో ఉంటుంది. ప్రతి పనికీ ఒక గడువు, గడువు పక్కన ఒక రంగు. మూడో వారానికి షీటంతా ఎర్రబడుతుంది, ఒక్క స్పానిష్ వరస తప్ప. భాష నేర్పే యాప్ పొద్దస్తమానం పీకుతూ ఉంటుంది కనక అది మాత్రం పచ్చగా ఉంటుంది. చూసినవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. నేను ఒప్పుకోను. ఆ మనిషి పడాల్సినంత బద్ధకం పడటం లేదన్నదే నా ఫిర్యాదు. అతను ఉద్యోగానికి విరామం ఇవ్వలేదు, మేనేజరును మార్చుకున్నాడు. కొత్త మేనేజరు తనే. పాతాయన్నయితే కనీసం టీకొట్టు దగ్గర నలుగురితో కలిసి తిట్టుకునే వీలుండేది.

తప్పు అతనొక్కడిదే అనడం అన్యాయం. సెలవు అనుభవించడానికని మనకెవరూ నేర్పలేదు, దాచుకోవడానికని నేర్పారు. సర్కారు కొలువులో ఆర్జిత సెలవులు (ఈఎల్) 300 రోజుల దాకా పోగేసి రిటైరైననాడు డబ్బు చేసుకోవచ్చు. మన రాష్ట్రాల ఉద్యోగులకు సరెండర్ లీవు అనే మరో సదుపాయం: ఏడాదికి 15 రోజులు ఇచ్చేసి ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టుకోవచ్చు. ఒళ్ళు కాలిపోతున్నా ఈఎల్ జోలికి పోకుండా సీఎల్‌తోనే నెట్టుకొచ్చిన గుమస్తా తాతయ్యల కథలు ఇళ్ళల్లో పురాణాల్లా చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఆరు నెలల సెలవును ఒక్కసారే వాడేయడమంటే పెళ్ళికని దాచిన ఫిక్సెడ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసి మైసూర్‌పాక్ కొనుక్కుతిన్నట్టుంటుంది. నములుతున్నంతసేపూ పోయిన వడ్డీయే గుర్తొస్తుంది. సబాటికల్ అనే ఏర్పాటు పుట్టినచోట మాత్రం ఇంత హైరానా లేదు. యూదుల ధర్మశాస్త్రం ఏడో ఏడు సెలవిచ్చింది నేలకు. విత్తొద్దు, కోయొద్దు, అలా వదిలేయమంది. 1880లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆ ఏడేళ్ళ లెక్కను ప్రొఫెసర్లకు తెచ్చింది. నేలలో ఉన్న సుగుణం ఏమిటంటే, బీడు పెట్టిన తొలి నెలలోనే అది తన ప్రగతి నివేదిక తయారు చేసుకోదు.

సరిగ్గా ప్లాన్ వేసుకోని వాళ్ళ అవస్థ ఇదంతా, పట్టుదల ఉంటే సాధించొచ్చు అంటారు కొందరు. పాపం, పట్టుదల ఉన్నవాళ్ళ మీదే ముందు దెబ్బ పడుతుంది. వారమంతా నిక్షేపంగా తిరిగి, ఆదివారం రాగానే తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలయ్యే మనుషుల గురించి బుడాపెస్టు మనోవిశ్లేషకుడు షాండోర్ ఫెరెన్సీ 1919లోనే రాశాడు. ఒక్క ఆదివారానికే అలా అయితే, వరసగా నూట ఎనభై ఆదివారాలు వచ్చి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇక 1955లో పార్కిన్‌సన్ అనే ఆయన లండన్ ఎకానమిస్ట్ పత్రికలో ఒక పెద్దావిడను మనకు పరిచయం చేశాడు. మేనకోడలికి ఒక పోస్టుకార్డు రాయడానికి ఆవిడకు రోజంతా సరిపోతుంది. కార్డు వెతకాలి, కళ్ళజోడు వెతకాలి, చిరునామా వెతకాలి, పోస్టు డబ్బా దాకా వెళ్ళడానికి గొడుగు అవసరమా కాదా అని ఇరవై నిమిషాలు ఆలోచించాలి. పని ఉన్న మనిషి మూడు నిమిషాల్లో తేల్చేసే వ్యవహారం అది. పార్కిన్‌సన్ ఇది ప్రభుత్వ కార్యాలయాలను వెక్కిరించడానికి రాశాడు గానీ, సబాటికల్ రెండో వారంలో కరెంటు బిల్లు కట్టే మగవాడికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

వెక్కిరింత సాక్ష్యం చెల్లదంటే అచ్చమైన పరిశోధనే ఉంది. వియన్నా దగ్గర మారియంథాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. మేరీ యహోదా, లాజర్స్‌ఫెల్డ్, జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. తీరిక దొరికిందిగదా, జనం గ్రంథాలయం మీద పడతారనుకుంటాం. అక్కడ చందా కూడా ఎత్తేశారు. అయినా పుస్తకాలు తీసుకెళ్ళడం సగానికి సగం పడిపోయింది. వీధిలో మగవాళ్ళ నడక నెమ్మదించింది. రోజంతా ఏం చేశావో గంటల లెక్కన రాయమంటే వాళ్ళ కాగితాల్లో రాసేందుకు పెద్దగా ఏమీ దొరకలేదు. ఆకలితో, అవమానంతో కుంగినవాళ్ళతో, బ్యాంకులో ఏడాదికి సరిపడా దాచుకుని గోవా టికెట్లు కొన్నవాణ్ణి పోల్చడమేమిటని ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. ఒప్పుకుంటాను, ఆ దుఃఖం వేరు. ఆకలినీ అవమానాన్నీ ఎంత తీసేసినా ఒక సంగతి మాత్రం మిగులుతుంది: పుస్తకం చదవనివ్వనిది తీరిక లేకపోవడమేనని మనం చెప్పుకునేది అబద్ధం. మన రోజుకు ఆకారం ఇస్తున్నది పనివేళలే. అవి తీసేసినప్పుడు భారతం చదివేవాడు పుట్టుకురాడు, ఫోను చూసేవాడు బయటపడతాడు. కొత్త ఆకారం ఏర్పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాల్నే మనం ఎక్సెల్ షీటుతో నొక్కేస్తున్నాం.

మారియంథాల్‌లోనే ఇంకో గమనిక ఉంది. వీధిలో ఆడవాళ్ళ నడక నెమ్మదించలేదు. మిల్లు మూసినా పొయ్యి మూయలేదు కదా. మన దగ్గర లెక్క తెలుసుకోవడానికి వియన్నా దాకా అక్కర్లేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. ఆ చేసే మగవాళ్ళయినా వందకు 26 మందే. అందుకే సబాటికల్ తీసుకున్న భర్తకు మొదటి వారం ధ్యానం, తీసుకున్న భార్యకు మొదటి వారం అత్తగారి కంటి ఆపరేషన్. ఆవిడ షీటులో ఎరుపూ ఉండదు పచ్చా ఉండదు, షీటు తెరిచే తీరికే ఉండదు. మగవాడినీ చుట్టాలు పూర్తిగా వదిలిపెట్టరనుకోండి. ‘ఖాళీగానే ఉన్నావుగా’ అనే ఒక్క ముక్కతో మీసేవ లైను, బ్యాంకు కేవైసీ, బాబాయిగారి పింఛను కాగితాలు అన్నీ అతని ఒళ్ళో వచ్చి పడతాయి. ఆ బరువు చూసి ఆఫీసే నయమనుకుని మూడో వారానికి ల్యాప్‌టాప్ తెరిచి పాత సహోద్యోగికి ఉచిత సలహాలిచ్చేవాళ్ళున్నారు.

ఇదంతా కడుపు నిండినవాళ్ళ గోల అంటారా? నూటికి నూరుపాళ్ళు. ఏడాదికి 100 రోజుల పని హామీ ఇవ్వడానికి 2005లో పార్లమెంటు చట్టమే చేయాల్సివచ్చిన దేశంలో, పనిలేని ఆరు నెలలు కొనుక్కున్నవాడి మీద జాలిపడమని ఎవర్నీ అడగను. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని మళ్ళీ ఆఫీసులాగే వాడటం దుబారా అంటున్నానంతే. 1930లో ఆర్థికవేత్త కీన్స్ వందేళ్ళలో వారానికి పదిహేను గంటల పని చాలుతుందని లెక్క వేసి, ఆ మిగులు తీరికతో మామూలు మనిషి ఏమైపోతాడోనని అప్పుడే బెంగపెట్టుకున్నాడు. లెక్క తప్పింది గానీ బెంగ తప్పలేదు. అందరికన్నా గట్టి అభ్యంతరం మాత్రం హెచ్‌ఆర్ వాళ్ళది: ఆ ఆరు నెలలు ఏం చేశారు? ఈ ప్రశ్నకు భయపడే జనం మొదటి వారంలోనే ఆన్‌లైన్ కోర్సుల్లో చేరతారు. క్లౌడ్ మీద సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళున్నారు, నాయకత్వ లక్షణాల మీద ఇచ్చేవాళ్ళున్నారు. ఫలానావారు ఆరు నెలలు బుద్ధిగా ఏమీ చేయలేదని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు మాత్రం లేరు. ఎవరైనా ఇవ్వడం మొదలుపెడితే వారం తిరక్కుండా అమీర్‌పేటలో దానికీ కోచింగ్ వెలుస్తుంది, ఉదయం ఆరు గంటల బ్యాచ్‌తో సహా.