నిలపని బ్రేకుకు నిలువెత్తు లివర్

కారులోని భాగాలన్నిటిలోకీ సాధుజీవి హ్యాండ్‌బ్రేకు. ఇంజన్ పెట్రోలు తాగుతుంది, టైర్లు గాలి అడుగుతాయి, ఏసీ సరిగ్గా ఎండాకాలం చూసుకుని అలుగుతుంది. హ్యాండ్‌బ్రేకు మాత్రం రెండు సీట్ల మధ్య పడుకుని ఉంటుంది, లాగితే లేస్తుంది, దించితే మళ్లీ పడుకుంటుంది. దానికి అప్పగించిన పని ఒకటే: ఆగిన బండిని ఆగిన చోటే ఉంచడం. ఆ ఒక్క పనినీ దాని చేత మాన్పించడానికి డబ్బిచ్చే మనుషులున్నారు. మాన్పించి ఇచ్చే దుకాణాలున్నాయి. మాన్పించాక పక్కన నిలబడి ఫొటో దిగి, "ఇప్పుడు అసలైన డ్రిఫ్ట్ కారైంది" అని లోకానికి చాటే సంప్రదాయమూ ఉంది. ఈ వ్యాసం వారి గౌరవార్థం.

ముందు ఆ మాన్పించడం ఎలాగో చూద్దాం, ముచ్చటగా ఉంటుంది. మామూలు లివర్ అడుగున పళ్లున్న ఇనప రేకు ఒకటి ఉంటుంది. లివర్ పైకి లాగుతుంటే ఒక చిన్న కొక్కెం టకటకమంటూ ఆ పళ్లను దాటుకుంటూ పోయి, మనం వదిలేసిన చోట పట్టుకుని కూర్చుంటుంది. కొసనున్న బటన్ నొక్కితే కొక్కెం లేస్తుంది, లివర్ దిగుతుంది. డ్రిఫ్ట్ చేసేవాడికి, అంటే బండి వెనకభాగాన్ని కావాలనే జార్చుకుంటూ మలుపు తిరిగేవాడికి, ఈ పట్టుకుని కూర్చునే గుణమే గిట్టదు. అతను మలుపులో వెనక చక్రాలను క్షణకాలం బిగబట్టి వదిలేయాలి. బటన్ మీద బొటనవేలు జారిందా, లివర్ పైనే ఉండిపోతుంది, చక్రాలు బిగుసుకుపోతాయి, బండి గిర్రున తిరిగి వచ్చిన దారినే చూస్తూ ఆగుతుంది.

అందుకని జపాన్‌లో ఒక చిన్న లోహపు గుబ్బ తయారుచేశారు. స్పిన్ టర్న్ నాబ్ అంటారు. పాత బటన్ తీసి దీన్ని బిగిస్తే కొక్కెం ఎప్పుడూ లేచే ఉంటుంది. లాగితే బ్రేకు పడుతుంది, వదిలితే దిగిపోతుంది. లాక్ కావాలంటే మనమే పనిగట్టుకుని వేయాలి. నిస్సాన్ సిల్వియాకి ఒకటి, మాజ్డా ఎంఎక్స్-5కి ఒకటి, ఇలా ఏ కారుకు తగ్గ గుబ్బ ఆ కారుకు అమ్ముతారు, మెరిసే రంగుల్లో. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు కాస్త గౌరవం మిగిలింది ఈ గుబ్బ మీదే. అరచేతిలో పట్టేంత వస్తువు, బుద్ధి తిరిగొచ్చిన రోజు తీసేసి పాతది బిగించుకోవచ్చు.

డ్రిఫ్ట్ మోజు పట్టిన మనవాడు గుబ్బ దగ్గర ఆగే మనిషి కాడు. అతని చూపు హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు మీద ఉంటుంది, ముద్దుపేరు హైడ్రో. ఇది కేబుల్‌ను లాగదు. దీనికి సొంతంగా ఒక మాస్టర్ సిలిండర్ ఉంటుంది. లివర్ లాగితే బ్రేక్ ఆయిల్ మీద ఒత్తిడి పడి, ఆ ఒత్తిడి నేరుగా వెనక చక్రాల బ్రేకులకు చేరుతుంది. కేబుల్ వాడగా వాడగా సాగుతుంది, దీనికా బాధ లేదు. తక్కువ బలంతోనే చక్రాలు టక్కున బిగుసుకుంటాయి. లివర్ కూడా పాతదానిలా పడుకుని ఉండదు, గేరు రాడ్ పక్కన నిటారుగా లేచి నిలబడుతుంది. స్టీరింగ్ మీది చేతికి దగ్గరగా ఉండాలని అంత పొడుగంటారు. కారెక్కినవాళ్లు "ఇదేంటి?" అని అడగకుండా ఉండలేనంత పొడుగు కూడా అదే.

చిక్కంతా రాత్రి బండి పెట్టేటప్పుడు మొదలవుతుంది. హైడ్రోలో పళ్లూ కొక్కెం ఉండవు. వదిలితే ఒత్తిడి పోతుంది. దానికీ ఒక లాక్ తగిలించుకున్నా, ఆయిల్ ఒత్తిడిని నమ్మి బండిని రాత్రంతా వాలులో వదలడం తెలివైన పని కాదు, ఒత్తిడి మెల్లగా జారిపోవచ్చు. పాత కేబుల్ బ్రేకును అలాగే ఉంచుకుని పక్కన హైడ్రో పెట్టుకునేవాళ్లు కొందరున్నారు, వాళ్లకో దండం. చాలామంది మాత్రం చోటు కలిసొస్తుందనీ బరువు తగ్గుతుందనీ పాతదాన్ని పీకేస్తారు. అంటే, ఒంటినిండా అప్పు చేసి కొన్న స్పోర్ట్స్ కారు, దాని నడుమ నిలువెత్తు హ్యాండ్‌బ్రేకు, ఆ రెండూ కలిసి అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద తెల్లారేదాకా నిలబడలేవు. గేరులో పెడతాడు. గేరు మీద కూడా నమ్మకం చాలని రాత్రి దిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చక్రం కింద రాయి పెడతాడు. మన లారీ క్లీనర్లు దశాబ్దాలుగా జపాన్ సరుకు ఏదీ కొనకుండానే ఈ పని చేస్తున్నారు. పాపం, దాన్ని మాడిఫికేషన్ అనాలని వాళ్లకు తట్టలేదు, తట్టి ఉంటే రాయికీ ధర పలికేది.

ఇంత ఖర్చెందుకయ్యా అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది: కంపెనీ ఇచ్చిన హ్యాండ్‌బ్రేకుతో డ్రిఫ్ట్ రాదట. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత. వాడు నింద వేసి ఊరుకున్నాడు, నయం. మనవాడు ఈఎంఐ మీద కొత్త మద్దెల కొని, ఇక ఆట దానంతటదే వచ్చేస్తుందని గజ్జెలు కట్టుకుని కూర్చున్నాడు.

ఆట ఎలా వచ్చిందో కాస్త పుట్టినచోటికే వెళ్లి చూద్దాం. కునిమిట్సు తకహాషి అని ఒక జపాన్ రేసరు. మొదట మోటార్ సైకిళ్లు నడిపాడు. 1961లో పశ్చిమ జర్మనీ గ్రాండ్‌ప్రిలో హోండా మీద 250 సీసీ రేసు గెలిచి, ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి బైక్ రేసు గెలిచిన తొలి జపనీయుడయ్యాడు. తర్వాత కార్లకు వచ్చి, 1970లలో మలుపుల్లోకి అందరికన్నా వేగంగా దూసుకొచ్చి, వెనక భాగాన్ని కావాలనే జారనిచ్చి, జారుతున్న బండిని స్టీరింగుతో, యాక్సిలరేటర్‌తో మలచుకుంటూ బయటపడేవాడు. అతన్ని చూసి పిచ్చెక్కినవాడు కెయిచి సుచియా, నగానో ప్రాంతపు కుర్రాడు. కొండదారుల్లో సాధన చేశాడు, 1980లలో టయోటా ఏఈ86తో పేరు తెచ్చుకున్నాడు. ఆ కారు ఇంజన్ 1600 సీసీ. ఇవాళ మనవాడు "పవర్ చాలదు" అని పెదవి విరిచే సైజు. సుచియాకి డ్రిఫ్ట్ కింగ్ అని పేరొచ్చింది. ఆ పేరు ఏ గుబ్బతోనూ ఉచితంగా రాలేదు.

బండిని జార్చడానికి వాళ్ల దగ్గర దారులు బోలెడు. మలుపు ముందు బ్రేకు తొక్కి బరువంతా ముందు చక్రాల మీదికి తెచ్చి, తేలికపడ్డ వెనకను జార్చడం ఒకటి. మలుపుకు ఎదురు దిక్కుగా ఒక్క తిప్పు తిప్పి, బండి అటు ఒరగగానే చటుక్కున ఇటు కొట్టడం ఇంకొకటి. క్లచ్‌ను టక్కున తొక్కి వదిలి చక్రాలకు కుదుపు ఇవ్వచ్చు. దమ్మున్న ఇంజనైతే యాక్సిలరేటర్ ఒక్కటే చాలు. హ్యాండ్‌బ్రేకు ఈ వరసలో ఒకానొకటి, అందులోనూ తేలికైనది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేత మొదట్లోనే చేయించేది. మనవాడికి మొత్తం విద్యలో కనపడింది అదొక్కటే. కారణం సులువు: మిగతావన్నీ కాళ్లతోనూ చెవులతోనూ చేయాలి, వాటిని కొరియర్‌లో పంపరు.

ఈ పిచ్చిని ఇంటింటికీ చేర్చిన కామిక్స్ ఒకటుంది, షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన 'ఇనిషియల్ డి'. తకుమి అనే కుర్రాడు, వాళ్ల నాన్నకు టోఫు దుకాణం. తెల్లవారుజామునే ఏఈ86లో కొండదారి గుండా టోఫు చేరవేయడం కుర్రాడి పని. నాన్న కారులో ఒక కప్పు నిండా నీళ్లు పోసి పెడతాడు, అవి ఒలకకుండా నడపాలి, లేకపోతే టోఫు చితికిపోతుంది. కుర్రాడికి అబ్బిన విద్య అంతా ఆ కప్పులోంచే వచ్చింది. అభిమానులు ఆ కారు రంగు వేయించారు, తలుపుల మీద టోఫు దుకాణం పేరు జపాన్ లిపిలో రాయించారు, నాబ్ బిగించారు. కప్పులో నీళ్లు పోసుకుని బయల్దేరినవాణ్ని మాత్రం నేనింతవరకూ చూడలేదు. మరీ చవక కావడమే దాని నేరమేమో.

న్యాయంగా మాట్లాడాలి గనుక ఒక మాట. పోటీలో హైడ్రో అవసరమైన పనిముట్టే. జపాన్‌లో 2000లో పుట్టిన డీ1 గ్రాండ్‌ప్రి లాంటి పోటీల్లో ఎవరు ముందొచ్చారన్నది లెక్క కాదు. బండి ఎంత కోణంలో జారింది, ఏ గీత మీద నడిచింది, ఎంత వేగంలో అన్నది చూసి మార్కులేస్తారు. రెండు కార్లు జంటగా జారుతున్నప్పుడు వెనకవాడు ముందువాడి తలుపుకు జానెడు దూరంలో ఉంటాడు. అతను వేగం తగ్గించాలి, కానీ బండి వంపు చెడకూడదు. అప్పుడు క్లచ్ తొక్కి ఆ లివర్‌ను పిసరంత లాగడం చూస్తే ఎవరైనా టోపీ తీయాల్సిందే. అయితే ఆ కారులో ఇనప గొట్టాల పంజరం ఉంటుంది, నడిపేవాడి తల మీద హెల్మెట్ ఉంటుంది, గోడ పక్కన మంటలార్పేవాళ్లు కాచుకుని ఉంటారు. పైగా చాలాసార్లు ఆ కారు ట్రైలర్ మీద వచ్చి ట్రైలర్ మీదే వెళ్తుంది. రాత్రిపూట నిలబడాల్సిన బాధ్యత ట్రైలర్‌ది.

కంపెనీలు తక్కువ తిన్నాయనుకోకండి. ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు లివర్లన్నీ పీకేసి గోరంత బటన్ పెడుతున్నాయి, రెండో చేత్తో లివర్‌ను సరదా సరుకుగా తిరిగి అమ్ముతున్నాయి. ఫోర్డ్ 2017లో ఫోకస్ ఆర్ఎస్ కోసం డ్రిఫ్ట్ స్టిక్ అని ఒక పొడుగాటి లివర్ తెచ్చింది, ధర 999 డాలర్లు. అందులో అసలు హ్యాండ్‌బ్రేకు అలాగే ఉంది. అంటే ఒకే కారులో నిలబెట్టడానికొకటి, నిలబెట్టకపోవడానికొకటి. 2024 మోడల్ మస్టాంగ్‌లో ఇంకో అడుగు వేశారు. అచ్చం పాతకాలపు హ్యాండ్‌బ్రేకులా కనిపించే లివర్, దాని అడుగున కేబుల్ ఉండదు. లాగితే కంప్యూటర్‌కు కబురు వెళ్తుంది, తెర మీద డ్రిఫ్ట్ మోడ్ ఎంచుకుని ఉంటే వెనక చక్రాలను బిగించే పని అది చూసుకుంటుంది. ట్రాక్ మీద తప్ప వాడొద్దని హెచ్చరిక జతచేశారు. రోడ్డు కోసం అమ్మిన కారులో, రోడ్డు మీద వాడకూడని లివర్, రోజూ చేతికి తగిలే చోట! పథ్యం చేసేవాడి కంచం పక్కనే పూతరేకులు పెట్టి తినొద్దని చీటీ అంటించడమైనా ఇంతకన్నా దయగల పని.

ఇక మన వీధులకు వద్దాం. సిల్వియాలు మనకు అమ్మలేదు. మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవే, వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. వాటిలో హ్యాండ్‌బ్రేకు లాగితే వెనకభాగం ఒకసారి విసురుగా తిరుగుతుంది, అంతటితో కథ కంచికి. జారడం మొదలుపెట్టడం ఎవడైనా చేస్తాడు, వానాకాలంలో మా వీధి బురద కూడా చేయిస్తుంది. ఆ జారుడును మలుపు పొడుగునా నిలబెట్టడమే డ్రిఫ్ట్, దానికి వెనక చక్రాలకు ఇంజన్ బలం అందాలి. ర్యాలీల్లో ముందు చక్రాల బండ్లతో ఇరుకు మలుపులు తిరగడానికి హ్యాండ్‌బ్రేకు లాగుతారు, నిజమే, దాన్ని వాళ్లెవరూ డ్రిఫ్ట్ అనరు. మనవాడు తన హ్యాచ్‌బ్యాక్‌కు హైడ్రో బిగించుకుని, ఊరవతల ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్‌లో అర్ధరాత్రి లివర్ లాగుతాడు. బండి ముప్పాతిక చుట్టు తిరిగి, సర్వే రాయిని ముద్దాడబోయి ఆగుతుంది. ఆ మూడు సెకన్లను స్లో మోషన్‌లో ముప్పై సెకన్లు చేసి, కింద ఏదో సినిమా నేపథ్య సంగీతం తగిలిస్తాడు. లేఅవుట్ చాలనివాళ్లు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. అక్కడ కెమెరాలు ఉచితం, రీలు తీసిపెట్టి కేసు కూడా రాసిపెడతాయి.

చట్టం సంగతి పొట్టిగా. కారుకు పార్కింగ్ బ్రేకు, కాలిబ్రేకు రెండూ ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. తయారీదారు ఇచ్చిన రూపం మార్చి ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా తెచ్చే మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నది గమనించండి, దుకాణం బిల్లులా వరస వారీగా వేస్తారు. ఇన్సూరెన్సువాడికి చెప్పకుండా చేయించిన మార్పు ఏమవుతుందో క్లెయిమ్ రోజున వాడే వివరిస్తాడు, చాలా ఓపిగ్గా.

ఇవన్నీ మనవాడికి తెలియవని కాదు. అమ్మకానికి పెట్టిన రోజున ఎంత పద్ధతిగా రాస్తాడో చూడండి: సింగిల్ ఓనర్, మెత్తగా నడిపిన బండి, అసలు హ్యాండ్‌బ్రేకు డిక్కీలో భద్రంగా ఉంది.

నిజంగా అంత కోరికగా ఉంటే దారి లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కారీ స్పీడ్‌వే ఉంది. నెల్లూరువాళ్లు పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే చెన్నై ట్రాక్ దగ్గరుంటారు. అనుమతి తీసుకుని, తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని, ఒక జత టైర్లు అరగదీసుకుని రావచ్చు, ఎదురుగా పాలవాడి స్కూటీ వస్తుందన్న భయం ఉండదు. ఇదంతా ఓపిగ్గా విన్నాక మనవాడు చెప్పే అభ్యంతరం ఒక్కటే: అక్కడ హెల్మెట్ పెట్టుకోమంటారట, పెట్టుకుంటే రీలులో మొహం కనపడదట.