గుర్తింపు హద్దునకు లోపల: ఒక పంక్తికి టీకా తాత్పర్యము

మూలము

జిర్కోనియము — గుర్తింపు హద్దునకు లోపల.

అవతారిక

బావినీటి పరీక్షాపత్రములో సున్నము, ఉప్పు, ఫ్లోరైడు మొదలగు ప్రముఖులెల్లరు తమ తమ అంకెలతో కొలువుదీరిన పిదప, కాగితము మడతపడు చోట, ఇట్టి పంక్తి యొకటి కానవచ్చుటకు వీలున్నది. నాందేడు జిల్లాలో బావి త్రవ్వించిన గృహస్థు దానిని చూచి "లేదు గదా, పీడ పోయె" నని పత్రమును జేబులో నుంచుకొనును. ఆ "లేదు" లో నెంత భూగర్భవృత్తాంత మణగియున్నదో విప్పి చెప్పకున్న టీకాకారుల జీవనోపాధికే భంగము గావున నీ వ్యాఖ్య యారంభింపబడుచున్నది.

ప్రతిపదార్థము

జిర్కోనియము = 1789లో క్లాప్రోతు సింహళపు రత్నశిలయందు కనుగొన్నదియు, 1824లో బెర్జీలియసు లోహముగా వేరుపరచినదియు, భూమి పైపొరలో రాగికంటె నధికముగా నున్నదియు నగు మూలకము; గుర్తింపు = యంత్రమునకు చిక్కుట; హద్దునకు = ఆ యంత్రముయొక్క శక్తికి, మూలకముయొక్క ఉనికికి గాదు; లోపల = ఉన్నను అంకె వేయ శక్యము గానంత స్వల్పముగా.

తాత్పర్యము

ఈ మూలకము భూమిలో సర్వత్ర కలదు. నీటివెంట పయనించుట మాత్రము దానికి రుచింపదు. నాలుగు ధనావేశములు గల దాని సూక్ష్మమైన అయాను నీటిని తాకినంతనే హైడ్రాక్సైడును గ్రహించి, ఆవేశము కోల్పోయి, ఆక్సైడుగా పేరుకొనుటయో బంకమన్నుకు అంటుకొనుటయో జరుగును. అందుపైని దాని ముఖ్యనివాసమైన జిర్కాను కాఠిన్యమున స్ఫటికశిలను మించినది, నీటికి నాలుగున్నర రెట్లకు పైబడిన బరువు గలది. మంజీరా వంటి నదుల యిసుకను పళ్లెములో నీటితో గాలించినచో తేలికరేణువు లెల్ల కొట్టుకొనిపోగా, నల్లని యినుపరేణువుల నడుమ, ఇరుకొనలు గోపురములవలె తీరిన మెరుపుగింజలు కొన్ని మిగులుట కలదు, అవియే జిర్కానులు. 300 డిగ్రీల నీటిలోను తుప్పునకు లొంగని గుణముచేతను, 1971లో హైదరాబాదున నెలకొన్న అణు ఇంధన సముదాయమువారు ఈ లోహపు మిశ్రమముతో ఇంధననాళములను చేయుచున్నారు.

శంకా సమాధానములు

శంక: కిన్వటు తాలూకాలో, పెన్‌గంగ యొడ్డున, శరభంగముని పేరుతో ముడివడిన ఉంకేశ్వరపు వేడినీటిగుండములు గలవు గదా, ఆ వేడికైన నిది కరుగదా?

సమాధానము: భక్తులు స్నానమాడు వేడి దీనికి చాలదు. భూగర్భమున చల్లారుచున్న గ్రానైటు ద్రవమును వీడి, వందలకొలది డిగ్రీల వేడితో, ఆమ్లగుణముతో, ఫ్లోరైడు సమృద్ధిగా గల ద్రవము వెలువడినప్పుడు, ఆ ఫ్లోరైడు హైడ్రాక్సైడుతో గూడి జిర్కోనియమును చేపట్టి నడిపించును. కెనడాలోని స్ట్రేంజ్ లేకు నిక్షేపము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. దారిలో సున్నపుధాతువు ఎదురైనచో ఫ్లోరైడు దానితో గూడి ఫ్లోరైటుగా గడ్డకట్టును. వాహకము తొలగగా జిర్కోనియము అచ్చటనే దిగవిడువబడును.

శంక: నల్లగొండ వంటి గ్రానైటు సీమల బావులలో పండ్లను గారపట్టించునంత ఫ్లోరైడున్నదే, అది చాలదా?

సమాధానము: చాలదు. అది లీటరునకు కొలది మిల్లీగ్రాములు మాత్రమే. నీరు చల్లనిది, క్షారగుణము కలది. అట్టిచోట హైడ్రాక్సైడుదే పైచేయి. మనుష్యుని యెముకను వంచగల నీరు జిర్కానుగింజను కదల్పలేకున్నది.

విశేషము

అన్నదమ్ములు వాటాలు పంచుకొని వెడలిన పిదప, ఇల్లు విడువని వృద్ధునివలన పోయిన యాస్తిని లెక్కగట్టినట్లు, శిల మన్నుగా మారునపుడు ఎంత ద్రవ్యము కొట్టుకొనిపోయెనో తెలియుటకు భూశాస్త్రజ్ఞులు ఈ మూలకమును సాక్షిగా నిలుపుదురు. శిలయందు పదిలక్షలకు 150 పాళ్లు, మన్నునందు 300 పాళ్లు ఉన్నచో, సగము ద్రవ్యము పోయినదని తీర్పు. కాని సాక్షియే యైదింట నొకవంతు జారిపోయియున్నచో, నిజముగా పోయినది సగము గాదు, 60 శాతము.

ఈ శంక నాందేడున మిక్కిలి తగును. ఏలయన, జిల్లా విస్తారభాగము సుమారు 6.6 కోట్ల యేండ్లనాటి దక్కను నల్లరాయి. తూర్పున బిలోలి, దెగ్లూరు వైపున అంతకంటె బహుపురాతనమైన గ్రానైటు పైకి తేలినది. గ్రానైటున జిర్కోనియము జిర్కానులో బిగిసియుండును. సిలికా తక్కువైన నల్లరాతిలో జిర్కాను అరుదు. అచ్చట నిది పైరాక్సీనునందును గాజుభాగమునందును చెదరియుండును గావున, అవి శిథిలమైనంతనే వెలికి వచ్చును. వచ్చినదానిలో హెచ్చుభాగము రేగడిబంకకును ఇనుపఆక్సైడునకును అంటుకొనినను, కుళ్లిన యాకుల యామ్లములు కొంత నడిపించుట యసంభవము గాదు. గ్రానైటునందలి జిర్కానైనను, తనలోని యురేనియముయొక్క కిరణఘాతమువలన కోట్లయేండ్లకు స్ఫటికక్రమము చెడినచో నీటికి లోబడును. కావున నీ సాక్షిని విచారింపక నమ్మరాదు.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో పఠించినవారి బావినీరు తియ్యనగునని చెప్పజాలము. అయితే "కదలదు" అని యెవరేని నిశ్చయముగా పలికినపుడు, ఏ ఖనిజము, ఏ నీరు, ఎంత వేడి యని వారు తప్పక అడుగుదురు. ఆ మూడింటికి బదులు రానిదే పరీక్షాపత్రముపై సంతకము చేయరు.