పాత పోర్షె పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: పాతబండ్ల బేరగాడొకాయన ఫోనుకు పంపిన ప్రకటన ఇది. మూలం వచనమే, పదిసార్లు చదివేసరికి ఆటవెలదిలో కూర్చుంది. పండక్కీ పబ్బానికీ ఇంటిల్లిపాదీ ఎక్కడానికి ఒక పాత 911 కొందామని ఉబలాటపడిన గృహస్థు, అనగా ఈ టీకాకారుడే, దీనికి మొదటి శ్రోత.

వైద్యుఁ డొకఁడె వాడె వన్నె తగ్గని పోర్షె
నాల్గు సీట్లు గలవు నగదు చాలు
గీత పడని బండి గేహమందె నిలిచె
కొనెడివారె రండు కూర్మితోడ

వైద్యుఁడు = డాక్టరు. చకోరాలు వెన్నెల తాగుతాయన్నట్టు, అమ్మకానికొచ్చిన ప్రతి బండీ డాక్టరు నడిపిందే అనడం కవిసమయం. ఒకఁడె = ఒక్కడే. ఆర్సీలో ఓనర్ సీరియల్ నంబరు మాత్రం రెండు అని ఉంది. అడిగితే, "మొదటాయన డాక్టరుగారి బామ్మర్దే సార్, ఒకటే ఇల్లు" అన్నాడు. ఇది లక్ష్యార్థం. బండి పక్క రాష్ట్రానిది గనుక ఫారం 28 మీద ఎన్‌వోసీ, బదిలీకి 29, 30, ఆపైన ఇక్కడి లైఫ్ ట్యాక్సు; ఇవి పద్యంలో లేవు, అధ్యాహారం చేసుకోవాలి.

వన్నె తగ్గని = రంగు చెడని. తలుపు రబ్బరు ఎత్తి చూస్తే అడుగున మరో ఎరుపు కనబడింది గనుక, ఈ మధ్యే రంగు వేయించిన అని వ్యంగ్యం.

పోర్షె = ఇక్కడ 911. దీనికీ పాఠాంతరం ఉంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దీని పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో వారు ఆక్షేపించగా, సున్నా చెరిపి ఒకటి వేసి పరిష్కరించారు. ఇంత తేలిగ్గా తెగిన పాఠభేదం మన తాళపత్రాల్లో అరుదు.

నాల్గు సీట్లు = పద్యానికి ఆయువుపట్టు. ముందు రెండూ సీట్లే. వెనక ఉన్నవి చెరొక దోసిలంత గుంటలు, నిటారుగా నిలబడ్డ వీపులు. నేను దూరి కూర్చున్నాను. మోకాళ్లు గడ్డానికి ఆనాయి, తల అద్దానికి ఆనింది. బయటికి రావడానికి బేరగాడు చెయ్యి అందించాల్సొచ్చింది. చిన్నపిల్లలు పడతారు, అదీ ముందున్న నాన్న కాళ్లు ముడుచుకుంటే. ఇంతా విని మా ఆవిడ, ఛందస్సు చదవకపోయినా, గణాలూ యతీ చెడకుండా సవరించింది: "రెండు సీట్లు గలవు రెండు లేవు." పరిష్కర్తలు ఈ పాఠాన్నే గ్రహించాలి. అమ్మ సందేహం వేరు: "ఇంజను వెనకాలుందంటున్నావు, పచ్చడి జాడీ ఎక్కడ పెట్టాలిరా?" ముందు బానెట్ కింద, సుమారు 130 లీటర్ల చోటుంది. జాడీ పడుతుంది. పెట్టె పెడితే జాడీ పట్టదు.

నగదు చాలు = డబ్బు కట్టలే ఇవ్వండి. 2017 నుంచి రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానాయే. చాలు అన్నది అసత్యోక్తి.

గేహమందె నిలిచె = ఇల్లు కదల్లేదు. కవి దీన్ని గుణంగా చెప్పాడు. టీకాకారుడు ఇక్కడే ఆగాడు. టైరు పక్కన 4316 అని ఉంది, అంటే 2016లో 43వ వారం పుట్టింది. గాడి అరగలేదు గానీ సందుల్లో సన్నటి పగుళ్లు. బ్యాటరీ చచ్చింది, మరో బండి నుంచి తీగలు తగిలించి లేపారు. బండి 2007ది. 2008 దాకా వచ్చిన మామూలు 911ల ఇంజను లోపల నడిమి షాఫ్టుకొక బేరింగు ఉంటుంది. అది విరిగితే ఇంజనే పోతుంది. 2006 నుంచి వేసిన పెద్ద బేరింగుకు గండం తక్కువే, కాకపోతే ఇంజను పూర్తిగా విప్పితే గాని అది బయటికి రాదు. 2009 మోడల్లో షాఫ్టునే తీసేశారు. పోనీ అన్నీ మార్పించి కొన్నాననుకోండి, పండక్కి మాత్రమే తీస్తాను కదా! తక్కిన రోజులు నా గేహమందే నిలుస్తుంది. నాలుగేళ్లకు ఈ పద్యం నేనే పంపాలి, వైద్యుఁడన్నచోట మరో గణం వెతుక్కుని.

కూర్మితోడ = ప్రేమతో. కూర్మము కూడా ధ్వనిస్తోంది, శ్లేష. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. మా కాలనీవాళ్లు సిమెంటు మిగిలినంత ఎత్తు కట్టారు. దాని మీద పొట్ట రాసుకోకుండా ఈ బండి తాబేలై పోవలసిందే.

తాత్పర్యం: అమ్మ చెప్పింది. "సంక్రాంతికి మేమంతా తణుకు బస్సులో పోతాంలే నాయనా. నువ్వు ఆ కారులో జాడీ పెట్టుకుని వెనకాలే రా."