డబ్బ మీది కాగితానికి టీకా తాత్పర్యం

అవతారిక: తరిగొప్పుల మండల కేంద్రంలో ఒక డీటీపీ షాపు ఉందనుకొందాం. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, సర్పంచు అభ్యర్థుల కరపత్రాలు దాని పోషకులు. మండలం 2016లో పుట్టింది; షాపులోని కంప్యూటరు అంతకన్నా పెద్దది. దాని నుదుటన ఓనరు అంటించిన శాసనమే ఈ మూలం.

మూలం:
ఎక్స్‌పీ డబ్బకు నెట్టు పెట్టొద్దు.
డాంగిల్ గుంజొద్దు.
ఫైలు పెన్‌డ్రైవుల అడగొద్దు.

ప్రతిపదార్థం: ఎక్స్‌పీ డబ్బకు = 2001లో పుట్టి, 2014 ఏప్రిల్ 8న కన్నవారే చేతులు దులుపుకొన్న విండోస్ గల యంత్రానికి; నెట్టు = వైరసులు వచ్చు త్రోవను; పెట్టొద్దు = తగిలించరాదు; డాంగిల్ = తెలుగు అక్షరాల తాళంచెవిని; గుంజొద్దు = ఊడబెరుకరాదు; ఫైలు = పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పనిని; పెన్‌డ్రైవుల = దేశాంతరానికి పంపుమని; అడగొద్దు = యాచింపరాదు.

తాత్పర్యం: యంత్రము చెడలేదు, పనివాడు మరువలేదు, గిరాకీ తగ్గలేదు. చేసినవారు మాత్రం వెళ్లిపోయారు. ఉన్నదానిని కదిలింపక కాపాడుకొనవలెనని భావము.

విశేషాలు: పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ ఇంట పుట్టి, 1994లో అడోబీ ఇంటికి చేరింది. ఆ ఇంట 1999లో ఇన్‌డిజైన్ పుట్టేసరికి దీనికి ఆదరణ తగ్గింది. 2001లో వచ్చిన 7.0తోనే దాని వంశం ఆగింది. అయినా జనగామ వైపు ముహూర్తాలు ఆగలేదు గదా!

ఇక్కడ పూర్వపక్షం: ‘కొత్తది కొనుక్కోరాదా?’ అడిగినవారు డీటీపీ చేయనివారు. ఇన్‌డిజైన్‌కు ఇప్పుడు చందా కట్టాలి. ఆషాఢంలోనూ, మూఢంలోనూ కట్టాలి. పైగా అను ఫాంట్లు యూనికోడు కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాలను కూర్చోబెట్టిన ఏర్పాటు అది. ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే వధువు పేరు కామాలూ, డాలర్లూ, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలుగా దర్శనమిస్తుంది. ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వరకే పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచింది, ఆ పైన తలుపు మూసింది. ఇక ఇరవై ఏళ్లుగా ‘ఆపిల్’ కీబోర్డు అమరికకు అలవాటైన వేళ్లను ఏ కన్వర్టరు మారుస్తుంది?

‘కొన్నాం గదా, మాది గదా’ అనే వాదమూ నిలువదు. పెట్టె చింపి ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కిన నాడే, కొన్నది వాడుకునే అనుమతి మాత్రమేనని రాసిచ్చాం. ఆ కాగితాన్ని చదివినవాడు ఈ మండలంలోనే కాదు, ఏ మండలంలోనూ లేడని నా అభిప్రాయం.

పోతన ఊరు బమ్మెర ఇదే జనగామ జిల్లాలోది. ఆయన భాగవతంలో కొన్ని భాగాలు చెదలు తినగా సింగన, గంగన, నారయలు పూరించారని ప్రతీతి. హార్డ్‌డిస్కు పోతే మాత్రం పూరించే శిష్యులుండరు. కాబట్టే ఓనరు కరెంటునిచ్చే పాత ఎస్‌ఎంపీఎస్‌లనూ, హార్డ్‌డిస్కులనూ సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీలో వెతికి తెచ్చి అటక మీద దాస్తాడు.

అలంకారం: మూడు పాదాల చివర ‘ఒద్దు’ రావడం అంత్యానుప్రాస. ఓనరుకు ఆ సంగతి తెలియదు.

పాఠాంతరం: మూడో పాదం కింద వేరే సిరాతో ‘పీడీఎఫ్ అయితే ఇస్తం’ అని ఉంది. ఇది ప్రక్షిప్తమని కొందరంటారు, అది సరికాదు. పీడీఎఫ్ ఎక్కడైనా తెరుచుకుంటుంది, ఎక్కడైనా ప్రింటవుతుంది. అందులో మేనమామ పేరు మార్చడం మాత్రం అంత తేలిక కాదు. కాబట్టి పేర్లలో తప్పులున్నవారు, అలిగిన బాబాయిని ఆహ్వానించువారి జాబితాలో కొత్తగా చేర్చదలచినవారు, డబ్బ నడుస్తుండగానే రావలెనని వ్యాఖ్యాత మనవి.