అట్టను వినే చెవులు

సింఫనీ రికార్డింగు ఎంచుకోవడానికి శబ్దరసికుల లోకంలో ఒక మడి ఉంది. ఆర్కెస్ట్రా ముందు పెట్టిన మైకు నుంచి టేపుకీ, టేపు నుంచి ఎల్‌పీ గాడికీ సంగీతం నేరుగా నడిచి రావాలి. దారిలో డిజిటల్ యంత్రం తగిలిందా, మైలపడినట్టే. ఆ అంటును మొదటి క్షణంలోనే పసిగట్టగలమని ఈ రసికుల ధీమా. 2022లో దానికి పరీక్ష వచ్చింది. ఇలాంటి ఎల్‌పీలకు పేరుపడ్డ అమెరికా సంస్థ మొబైల్ ఫిడెలిటీ, 2011 నుంచీ తన రికార్డుల్లో చాలావాటికి టేపును ముందు డిజిటల్‌లోకి మార్చుకుంటోందని బయటపడింది. పట్టుకున్నది ఎవరి చెవీ కాదు. ఒక రికార్డుల దుకాణదారు ఆరా తీస్తే సంస్థ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ రికార్డుల్లో అనలాగ్ వెచ్చదనాన్ని తనివితీరా అనుభవించినవాళ్లలో కొందరు కోర్టుకెక్కారు. గాడి మారలేదు, సూదీ మారలేదు. తెలిసిన సంగతి మారింది, అంతే.

అవి ఎక్కువగా రాక్, పాప్, జాజ్ రికార్డులు కదా అనవచ్చు. సింఫనీ దగ్గర ఈ ఆచారం మరీ చిక్కుల్లో పడుతుంది. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వెలుపలి అంచున సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడితే, లేబులు దగ్గరికొచ్చేసరికి 20 పైచిలుకే. అంటే రికార్డు లోపలికి వెళ్లేకొద్దీ పై స్థాయి స్వరాలు మొద్దుబారతాయి, వికృతి పెరుగుతుంది. సింఫనీలు రాసినవాళ్లు ఈ ఇబ్బందిని ముందే ఊహించక, హోరంతా తెచ్చి చివర్లో పెట్టారు. మాలర్ రెండో సింఫనీలో కోరస్, ఆర్గన్, గంటలు కలిసి ఆకాశాన్నంటే చోటు సరిగ్గా గాడి ఇరుకున పడే చోటే. పైగా మంచి ఎల్‌పీ మోయగల మెల్లని, గట్టి శబ్దాల మధ్య తేడా 70 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటే, పాపిష్టి సీడీది 96.

సీడీని కూడా మించిన హై రిజల్యూషన్ మాటేమిటంటారు మరికొందరు. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆ ధ్వనిని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ ప్రమాణానికి కుదించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా ఇంతే. 2016లో జాషువా రైస్ అనే పరిశోధకుడు 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, తేడా వినబడుతుందనే తేల్చాడు, నిజమే, సరైన జవాబులు 52.3 శాతం మేరకు. శిక్షణ పొందిన చెవులు ఇంకాస్త మెరుగు. ఆ రెండు పైచిలుకు శాతం కోసం పాత టేపునే మళ్లీ మళ్లీ కొనేవారి ఔదార్యాన్ని కాదనలేం. కొన్ని పాత ఎల్‌పీలు తర్వాతి సీడీల కన్నా బాగుంటాయన్నదీ అబద్ధం కాదు. ఆ ఘనత మాస్టరింగ్ చేసిన మనిషిది, ప్లాస్టిక్‌ది కాదు.

అసలు ధ్వని రికార్డింగు నాడే, ఏ హాలు, మైకులెక్కడ అన్న దగ్గరే తేలిపోతుంది. 1950లలో మెర్క్యురీ సంస్థ తరఫున రాబర్ట్ ఫైన్ మూడే మైకులతో పట్టిన ఆర్కెస్ట్రాలు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. లండన్ కింగ్స్‌వే హాల్‌లో తీసిన డెక్కా, ఈఎంఐ రికార్డింగుల్ని రసికులు నెత్తిన పెట్టుకుంటారు. ఆ హాలు కింద భూగర్భ రైళ్లు నడిచేవి, కొన్నిటిలో ఆ గుడగుడ చేరింది. లక్షల రూపాయల స్పీకర్లలో అది మరీ స్పష్టంగా వినబడుతుంది. పెట్టిన డబ్బుకు అంతకంటే న్యాయమైన ప్రతిఫలం ఉండదు. ఇక 1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నడిపించిన మాలర్ తొమ్మిదో సింఫనీ ఉంది: నాలుగేసి నిమిషాల పాత గ్రామఫోను ప్లేట్లు, మోనో, సభలో దగ్గులు. రెండు నెలల్లో హిట్లర్ సేనలు ఆ నగరంలోకొచ్చాయి. వాల్టర్ మరి అక్కడ ఉండగలిగిన మనిషి కాడు. దీన్ని ఏ ప్లాస్టిక్ మీద ఏ ధరకు ముద్రించినా ఆ దగ్గులు పూర్తిగా పోవు. అవి పోతే తప్ప వినలేమనేవారికి స్పీకర్లను పరీక్షించే టోన్ల డిస్కులు విడిగా దొరుకుతాయి. వాటిలో మచ్చుకైనా దగ్గు ఉండదు, మాలర్ కూడా ఉండడు.